నలభై ఒక్క సాళ్ళ కలుపు

"పీకాలంటే పీకాలంతే," అన్నాడు మా ఆయన తిప్పేస్వామి, సంగటి ముద్ద నడుమ వేలితో గుంట చేస్తూ.

"పీకేది లేదు," అన్నాను నేను, ఆ గుంటలో పులుసు పోస్తూ.

ఈ మాట మా ఇంట్లో నాలుగు రోజులుగా నడుస్తోంది. మొదటి రోజు మామూలుగా అనుకున్నాం. రెండో రోజు వీధిలోకి వినపడేలా అనుకున్నాం. మూడో రోజు ఆయన నాతో మాట మానేసి, చెంబుడు నీళ్ళు కావాలన్నా మా అత్త వన్నూరక్కతో చెప్పించాడు. నేనూ జవాబు ఆమెతోనే చెప్పించాను. "మూరెడు దూరంలో కూచోని నన్ను పోస్టు మోయమంటారేమప్పా మీరు? నా మోకాళ్ళు చూసినారా?" అని ఆమె చేతులెత్తేయడంతో నాలుగో రోజు తగువు మళ్ళీ మా ఇద్దరి చేతికే వచ్చింది.

"చేను ఎవురి పేరుమీద ఉండాది?"

"నీ పేరుమీదే."

"నోటీసు ఎవురి పేరుకొచ్చింది?"

"నీ పేరుకే."

"మల్ల ఇంగేం?"

"అలసందలు నావి," అన్నాను.

మా వైపు పద్ధతి తెలియనివాళ్ళకు ఈ ఆఖరి మాట అర్థం కాదు. జొన్న విత్తేటప్పుడు గొర్రు తోలేది మగవాళ్ళు. ఆ గొర్రు వెనకాల నడుస్తూ పప్పు గింజలు వదిలేది ఆడవాళ్ళు. జొన్నల నడుమ వచ్చే ఆ సాళ్ళను అక్కిడి సాళ్ళు అంటారు. జొన్న ఇంటిది. అక్కిడి సాళ్ళలో పండింది ఇంటి ఆడదానిది. కంది వేయాలా, అలసంద వేయాలా, అనుములు వేయాలా అన్నది అత్త కోడలికి చెబుతుంది, కోడలు తన కోడలికి చెబుతుంది. పండిన గింజ బూడిద కలిపి కుండల్లో పోసుకుంటాం. ఏడాది పొడుగునా ఎవరింటికైనా ఓ శేరు గింజలు ఇవ్వాలన్నా, ఆడబిడ్డ వస్తే మూట కట్టాలన్నా, మొగుణ్ణి అడగక్కర్లేని వస్తువు మా ఇంట్లో అదొక్కటే. మిగతావన్నీ అడగాలి.

ఇప్పుడు ఆ అలసందలు కలుపు అని నోటీసు వచ్చింది.

డిగ్రీ చదివే మా కూతురు సువర్ణ సెలవులకు ఇంటికొచ్చి ఉంది. ఆ కాగితాన్ని నాలుగు రోజుల్లో తొమ్మిదిసార్లు చదివి వినిపించింది. "మీ క్షేత్రమునందు అరువది రెండు శాతము కలుపు విస్తరించియున్నట్లు యంత్రముచే నిర్ధారణ అయినది. ఈ నోటీసు అందిన పదిహేను దినములలోగా సదరు కలుపును స్వచ్ఛందముగా నిర్మూలించని యెడల, శాఖా సిబ్బందిచే మందు పిచికారీ చేయబడును."

ఆ మందు సంగతి మాకు తెలుసు. జొన్నలాంటి సన్నాకు మొక్కను ఏమీ చేయదు. అలసందలాంటి వెడల్పాకు మొక్క మీద పడితే మూడో రోజుకు మాడి మసవుతుంది.

నోటీసు పంపిన వ్యవసాయ శాఖే ఆ అలసందలు వేయమంది. అది చెప్పకపోతే కథ మొదలైనట్టు కాదు.

తొలకరికి ముందు మా ఊరి బడి వరండాలో పెద్ద సభ జరిగింది. 'కలుపులేని పల్లె' అనే కొత్త పథకం. కలుపు నివారణ ప్రత్యేకాధికారి గజేంద్రనాథ్ గారు స్వయంగా వచ్చారు. గోడ మీద బొమ్మలు పడేసి, చేతిలో పుల్ల పట్టుకుని ఆయన ముప్పావు గంట మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా! తృణధాన్యానికి పప్పుధాన్యాన్ని జత చేయండి. సాలు విడిచి సాలు జొన్న, సాలు విడిచి సాలు అలసంద! జొన్న పైకి పెరుగుతుంది. అలసంద అడ్డంగా పాకి నేలను కప్పుతుంది. నేలకు ఎండ తగలదు. ఎండ తగలని చోట కలుపు గింజ మొలకెత్తదు. మొలకెత్తినా ఎదగదు. అది తీవ్ర నిరాశకు లోనవుతుంది!"

ముందు వరసలో కూర్చున్న మా అత్త లేచింది. "ఇది మేమేసేదే కదప్పా. నేను కాపరానికి వచ్చినప్పట్నుంచీ గొర్రు ఎనకాల నడిచి నడిచి నా కాళ్ళు ఇట్లయినాయి. మేము ఆరు సాళ్ళకు ఒకటి ఏస్తాము, మీరు సాలు విడిచి సాలు అంటాండారు. అంతే కదా?"

గజేంద్రనాథ్ గారు దయగా నవ్వారు. "అవ్వా, మీరు చేసింది అలవాటు. మేం చెబుతున్నది సాంకేతిక పరిజ్ఞానం. ఆ రెండింటినీ కలపకూడదు."

"మల్ల జొన్ననీ అలసందనీ కలపమంటివే?" అంది మా అత్త. వెనక వరసలన్నీ నవ్వాయి. సారు పుల్లతో తరవాతి బొమ్మ చూపించారు.

సభ అయ్యాక మా ఊరి వ్యవసాయ సహాయకుడు దివాకర్ అందరికీ అలసంద విత్తనాల ప్యాకెట్లు పంచాడు. ప్యాకెట్టు మీద గజేంద్రనాథ్ గారి బొమ్మ ఉంది. అలసంద బొమ్మ దానికంటే చిన్నది.

ఇంటి వెనక ఎకరం చేన్లో చెప్పినట్టే వేశాం. నలభై ఒక్క సాళ్ళు జొన్న, నలభై ఒక్క సాళ్ళు అలసంద. సారు మాట నిజమే, సాళ్ళు దగ్గరగా ఉంటే ఇంకా బాగుంది. ఇరవై రోజులకు అలసంద తీగలు ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నాయి. నలభై రోజులకు మట్టి కనపడటం మానేసింది. ప్రతి ఏడూ నడుము విరిగేలా మూడుసార్లు కలుపు తీసేదాన్ని, ఈసారి ఒక్కసారి కూడా వంగలేదు. గునుగు లేదు, తుంగ లేదు, పల్లేరు లేదు. మిగిలిన పొద్దులో రెండు బొంతలు కుట్టాను. మా అత్త గట్టు మీద కూర్చుని, "ఈ బుద్ధి మాకు ముందే ఉంటే నా నడుము నాకుండు," అంది. ఆ ఒక్కరోజు శాఖను ఆమె మెచ్చుకుంది.

ఆ మరుసటి వారమే దివాకర్ పంట నమోదుకు వచ్చాడు. చేతిలో పలక లాంటి ట్యాబు.

"పంట పేరేందక్కా?"

"జొన్న, అలసంద."

"ఒకటే చెప్పక్కా. గడి ఒకటే ఉంది."

"సరే, జొన్న."

అతను జొన్న నొక్కాడు. తరవాత చేను నడుమకు వెళ్ళి ఫోటో తీశాడు. ట్యాబులో ఒక చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగి ఆగింది. దివాకర్ మొహం పాలిపోయింది.

"జొన్న ముప్పై ఎనిమిది శాతం. ఇతరములు అరవై రెండు."

"ఇతరములంటే?"

"కలుపక్కా."

"అది అలసంద కదప్పా."

"నాకు తెల్సక్కా. ప్యాకెట్టు ఇచ్చింది నేనే కదా."

"అయితే దానికి చెప్పు."

"దానికి చెప్పేదానికి గడి లేదక్కా," అన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నా ముందు దాదాపు ఏడ్చినంత పని చేశాడు. నేను అతనికి మజ్జిగ ఇచ్చాను. మజ్జిగ తాగాడు, నోటీసు ఇచ్చాడు.

నోటీసు ఒక్కటే అయితే మా ఆయన అంత పట్టుపట్టేవాడు కాదు. మా పక్క చేను హొన్నూరప్పది. అతను జొన్న ఒక్కటే వేసి, బామ్మర్ది పెళ్ళని ఇరవై రోజులు అత్తగారి ఊరు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చేనంతా నడుమెత్తు గడ్డి. అతని పెళ్ళాం బర్రెలకు గడ్డి కోయడానికి లోపలికి వెళ్ళి, జొన్న ఎక్కడుందో కనిపించక బయటికొచ్చి నన్నడిగింది. దివాకర్ అక్కడా ఫోటో తీశాడు. ఆ యంత్రానికి సన్నాకు కనిపిస్తే జొన్న. గడ్డి కూడా సన్నాకే. చక్రం తిరిగి తిరిగి, 'జొన్న తొంభై తొమ్మిది శాతం' అంది. ఆ ఒక్క శాతం గడ్డిలో మేస్తున్న మేకట.

మర్నాడే హొన్నూరప్పను పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి, 'కలుపులేని రైతు' అని శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకునే అతను రెండు పూటలా టీ అంగడికి వచ్చాడు. మా ఆయన అక్కడ టీ తాగడం మానేశాడు.

"వాని చేన్లో పాములు తిరుగుతాండాయి," అన్నాడు నాతో. "వానికి శాలువా. నా చేన్లో పూచిక పుల్ల లేదు. నాకు నోటీసు."

"అది మన తప్పా?"

"తప్పో ఒప్పో, అలసందలు పీకితే జొన్నొక్కటే ఉంటాది. ఫోటో తీస్తే నూరు శాతం వస్తాది. నాలుగు గింజల కోసం నా మర్యాద తీస్తావా?"

నాలుగు గింజలట. ఆ మాట అన్నరోజే తగువు వీధిలోకి వినపడింది.

నోటీసుకు పదకొండు రోజులు మిగిలి ఉండగా గజేంద్రనాథ్ గారు తనిఖీకి వచ్చారు. రెండు జీపులు, వెనక దివాకర్ మోటారు సైకిలు. కుర్చీలు గట్టు మీద వేయించి, పోయినేటి అలసందలు నానబెట్టి వడలు వేసి పెట్టాను. ఇంటికొచ్చిన మనిషికి పెట్టకుండా ఎలా ఉంటాం?

ఆయన రెండు తిని మూడోది అందుకుంటూ, "అద్భుతంగా ఉన్నాయమ్మా. దేనితో చేశారు?" అన్నారు.

"పోయినేటి కలుపుతో సార్."

ఆయన నమలడం ఆపారు. తరవాత మళ్ళీ నమిలి, పక్కనున్న గుమాస్తాతో, "ఇది రికార్డులో రాయకండి," అన్నారు.

"సార్, ఆ గింజలు మీరిచ్చినవే కదా," అన్నాడు మా ఆయన వినయంగా.

"తిప్పేస్వామీ, ఒక మౌలిక విషయం గ్రహించాలి. శాఖ ఎన్నడూ కలుపు ఇవ్వదు. శాఖ ఇచ్చేది విత్తనం. అది మీ క్షేత్రంలో మొలకెత్తిన తరవాత దాని హోదాను యంత్రం నిర్ణయిస్తుంది. ఆ దశలో మా ప్రమేయం ఉండదు." ఆయన చేతులు తుడుచుకున్నారు. "అయినా పరిష్కారం లేని సమస్య లేదు. దివాకర్! ప్రధాన పంటగా అలసందను నమోదు చెయ్యి."

నా గుండె తేలికపడింది. దివాకర్ జొన్న తీసేసి అలసంద నొక్కాడు. చక్రం తిరిగింది. ఈసారి తెర ఎర్రగా మారి, కుయ్యిమని మోగింది.

"అలసంద అరవై రెండు సార్. ఇతరములు ముప్పై ఎనిమిది. కింద ఇంకో లైను వచ్చింది సార్. 'కలుపు ఎత్తు ఆరడుగులు. అతి ప్రమాదకరం. తక్షణ చర్య.'"

గజేంద్రనాథ్ గారు కుర్చీలోంచి లేచారు. "ఆరడుగుల కలుపు! ఈ జిల్లాలో ఇంతవరకు నమోదు కాలేదు." ఆయన గొంతులో భయమూ ఉంది, గర్వమూ ఉంది. "దీనికి పదిహేను రోజులు ఆగకూడదు. సన్నాకును మాడ్చే మందు వేరే ఉంది. రేపే తెప్పిస్తాను."

ఇప్పుడు మా ఆయన కూడా లేచాడు. "సార్ సార్! అది జొన్న సార్! తినే జొన్న!"

"యంత్రానికి ఆకలి ఉండదు తిప్పేస్వామీ."

"మల్ల రెండూ రాసుకోండప్పా," అంది మా అత్త గట్టు మీంచి. "జొన్నా రాయి, అలసందా రాయి. ఏం పోతాది?"

"రెండు పంటలు రాస్తే, అవ్వా, మొదటి పంటకు రెండోది కలుపు అవుతుంది. రెండో పంటకు మొదటిది కలుపు అవుతుంది. అప్పుడు మొత్తం నూరు శాతం." ఆయన విచారంగా తల ఊపారు. "మీ మేలు కోరి చెబుతున్నాను."

అంతవరకు వాళ్ళు మందు చల్లబోయేది నా అలసంద మీద. ఇప్పుడు జొన్న మీదికి కూడా వచ్చింది. మా ఆయన నావైపు చూశాడు. నాలుగు రోజుల తరవాత మొదటిసారి మేమిద్దరం ఒక వైపున ఉన్నాం. దివాకర్ ముందుగా అలసంద కొట్టేసి మళ్ళీ జొన్న నొక్కాడు. అదొక్కటి బాగా చేశాడు.

సువర్ణ పథకం పుస్తకం తిరగేస్తోంది. "మ్మా, ఇదో, ఈడ రాసిండారు. 'ఒక హద్దునందు ఒకే పంట నమోదు కావలెను.' అంతే. చేను అని లేదు. హద్దు అని ఉండాది."

నేను వడల పళ్ళెం కింద పెట్టి అడిగాను. "హద్దంటే ఎంత ఉండాల సార్?"

"ఎంత అంటే?"

"ఎకరముంటేనే హద్దా? అర ఎకరమున్నా హద్దేనా? ఒక సాలు ఉంటే?"

నేను నిజంగా తెలియకే అడిగాను. గజేంద్రనాథ్ గారు పుస్తకం తీసుకుని ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పారు. మెల్లమెల్లగా ఆయన మొహం మీద వెలుతురు పడింది. "కనిష్ఠ పరిమితి... నియమావళిలో లేదు," అన్నారు. గుమాస్తా వైపు తిరిగి, "సర్వేయరును పిలవండి," అన్నారు.

సర్వేయరు మస్తాన్‌వలి మంచి మనిషి. ముప్పై ఏళ్ళ సర్వీసులో కొండలు కొలిచాడు, వంకలు కొలిచాడు. మూరెడు వెడల్పు చేను ఎప్పుడూ కొలవలేదు. మొదటి రోజు గొలుసు పట్టుకుని సాళ్ళ మధ్య నిలబడి, తన రెండు కాళ్ళ వైపు చాలాసేపు చూసుకున్నాడు.

"అమ్మా, నేనిప్పుడు ఏ చేన్లో ఉన్నాను?"

"ఎడమ కాలు అలసంద చేన్లో, కుడికాలు జొన్న చేన్లో అన్నా."

"నా సర్వీసులో రెండు కాళ్ళూ ఒకే చేన్లో పట్టని రోజు వస్తుందనుకోలేదమ్మా," అని నిట్టూర్చి పని మొదలుపెట్టాడు. మూడు రోజుల్లో మా ఎకరం ఎనభై రెండు చేలయింది. ఒక్కో సాలుకు ఈ కొసన ఒక రాయి, ఆ కొసన ఒక రాయి. రాళ్ళకు సున్నం కొట్టారు. దూరంనుంచి చూసినవాళ్ళు మా ఇంటి వెనక కొత్తగా శ్మశానం వచ్చిందనుకున్నారు.

అయినా యంత్రం ఒప్పుకోలేదు. దివాకర్ ఒక్కో సాలూ ఎక్కిస్తున్నకొద్దీ అది వెనకనుంచి కలిపేస్తోంది. పక్కపక్క హద్దులు ఒకే మనిషివైతే అది ఒకే చేను అని దాని లెక్కట. నడుమ నడుమ వేరే పేరుండాలి.

ఆ సాయంత్రం ఎవరి పేరు రాయాలని మా ఇంట్లో ఆలోచన సాగింది. మా ఆయనకు బళ్ళారిలో తమ్ముడున్నాడు.

"వానికొద్దు," అన్నాడు మా ఆయన. "వాడు ఆ నలభై ఒక్క సాళ్ళలో నాకడ్డంగా గుడిసె ఏసినా ఏస్తాడు. అమ్మ పేరు రాస్తాం."

"నా పేరు రాస్తే నా పింఛను ఆపేస్తారు నాయనా," అంది మా అత్త. "నీ అలసందల కోసం నా పింఛను తీస్తావా?"

"సువర్ణ పేరు?"

"రాయి నాయనా," అంది సువర్ణ చదువుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తకుండా. "నేను ఏ ఊరికి పోతే ఆ ఊరికి పట్టుకొని పోతా."

మా ఆయన ఉలిక్కిపడి ఆ పేరూ వదిలేశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంట్లో ఇంకొక మనిషి ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నేను పొయ్యి ఊదుతున్నాను.

"నీ పేరే రాయిస్తాలే," అన్నాడు. "యాడికి పోతాయి?"

"యాడికీ పోవు," అన్నాను.

మరుసటి రోజు ఆఫీసులో నలభై ఒక్క చోట్ల సంతకం పెట్టాడు. నేనూ నలభై ఒక్క చోట్ల పెట్టాను. ఇంటరు పరీక్షల తరవాత అన్ని సంతకాలు పెట్టింది అదే. పదో సంతకానికి అక్షరాలు కుదురుగా పడ్డాయి. ముప్పయ్యో సంతకానికి 'హంపమ్మ' అన్న నా పేరు నాకే బాగున్నట్టనిపించింది.

పదిహేనో రోజు మందు బండి వచ్చింది. అప్పటికి యంత్రంలో మా ఎకరం లేదు. ఎనభై రెండు శుద్ధమైన చేలున్నాయి, ప్రతిదాంట్లో నూరు శాతం ఒకటే పంట. బండి మేస్త్రీ నోటీసు పట్టుకుని ఆ చేను ఏదని అందరినీ అడిగి, ఆ చేను లేదని తెలుసుకుని, డ్రమ్ములతో సహా వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను పచ్చి అలసంద కాయలు ఒడినిండా కోసి ఉప్పేసి ఉడకబెట్టాను. మా ఆయన రెండు దోసిళ్ళు తిన్నాడు.

అసలు గొడవ దాని తరవాత వచ్చింది. ఒక్క ఊళ్ళో ఒక్కరోజులో ఎనభై రెండు క్షేత్రాలను కలుపులేనివిగా చేసినందుకు గజేంద్రనాథ్ గారి పేరు పైకి వెళ్ళింది. పైనుంచి పెద్దలు వస్తున్నారని, సన్మానసభ పెట్టారు. దానికి ముందు ఒక లారీ వచ్చి, 'ఇది కలుపులేని క్షేత్రము' అని రాసిన బోర్డులు దించింది. క్షేత్రానికి ఒకటి. ఎనభై రెండు బోర్డులూ గట్టు పొడుగునా పాతారు. ఆ పైన చేను కనపడటం మానేసింది. జొన్నకు వచ్చే పిట్టలు మాత్రం వాటి మీద హాయిగా కూర్చునేవి.

సభలో నియమం ప్రకారం క్షేత్రానికి ఒక సన్మానం. మా ఆయనను మొదటి క్షేత్రం యజమానిగా పిలిచారు. ఎక్కాడు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. దిగాడు. రెండో క్షేత్రం యజమానురాలిగా నన్ను పిలిచారు. ఎక్కాను, దిగాను. మూడో క్షేత్రం యజమాని శ్రీ తిప్పేస్వామి. మళ్ళీ ఎక్కాడు. తెచ్చిన శాలువాలు ఆరే. ఏడో క్షేత్రం మొదలుకొని, దిగేటప్పుడు మెట్ల దగ్గర శాలువా తీసుకుని, ఎక్కేటప్పుడు అదే కప్పారు. పన్నెండు దాకా మా ఆయన చేతులు జోడించి నవ్వాడు. ఇరవై దాటాక నవ్వు ఆపేశాడు. ముప్పైకి కాళ్ళు లాగి, "సార్, మిగిలినవి కిందనుంచే..." అని బతిమాలాడు.

"నియమం ప్రకారం వేదిక ఎక్కాలి," అన్నారు గజేంద్రనాథ్ గారు. ఆయనా అలిసిపోయారు. ఎనభై రెండుసార్లు లేచి నిలబడాలి మరి.

ముందు వరసలో హొన్నూరప్ప తన ఒక్క శాలువా మడిచి చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయనకు కావలసింది అతను తనవైపు చూసే ఆ ఒక్క చూపు. అది ఆయన నాలుగో సన్మానానికే దొరికింది. మిగిలిన ముప్పై ఏడు సన్మానాలు ఆయన శాఖ కోసం భరించాడు.

చివరికి మా ఇంటికి ఆరు శాలువాలు వచ్చాయి. అవి పరిచి అలసందలు ఎండబెట్టాను. పలచగా, గాలి ఆడేలా ఉండి, దానికి బాగా పనికొచ్చాయి. ఆ ఏడు గింజ కుండలు చాలక, మా అత్త పెళ్ళినాటి కాగు కూడా దించాం. జొన్నా ఏమీ తగ్గలేదు.

కోతలయ్యాక ఒక మధ్యాహ్నం దివాకర్ వచ్చాడు. చిక్కిపోయాడు. ఎనభై రెండు చేలకూ పదిహేను రోజులకోసారి ఎనభై రెండు ఫోటోలు తీయాలట. మిగిలిన ఊరంతా కలిపితే డెబ్బై. పైవాళ్ళు కూడా ఆలోచనలో పడ్డారట. వచ్చే ఏడు ప్రతి క్షేత్రానికీ ఒక విత్తనం ప్యాకెట్టు, ఒక శిక్షణ, ఒక బోర్డు ఇవ్వాలంటే మా ఎకరానికే లారీ కావాలి. అందుకని 'క్షేత్ర సమైక్య పత్రము' అని కొత్త కాగితం వచ్చింది. ఇద్దరు యజమానులూ సంతకం పెడితే ఎనభై రెండూ కలిసి, మళ్ళీ మొదటి యజమాని పేరున ఒకే ఎకరమవుతుంది.

"మల్ల వచ్చే ఏడు అలసంద ఏస్తే?" అని అడిగాను.

"ఏయమనే చెప్తారక్కా. శిక్షణ కూడా ఇస్తారు."

"గడి?"

దివాకర్ నేల చూశాడు. "గడి ఒకటేనక్కా."

అతను కాగితం మా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడే అందరం అన్నానికి కూర్చున్నాం. మా ఆయన తన చోట సంతకం పెట్టేసి, కాగితాన్నీ పెన్నునూ నా కంచం పక్కకు జరిపాడు. "చేయి కడుక్కున్నాక ఆడ ఒక గీత గీకు. ఇంగ ఆ రాళ్ళు పీకిచ్చేస్తా. గొర్రు తోలేదానికి అడ్డం."

నేను సువర్ణకు వడ్డించాను. మా అత్తకు వడ్డించి, ముద్ద మెత్తగా చిదిమాను. ఆయనకు వడ్డించాను. తరవాత నా కంచంలో పెట్టుకుని కూర్చున్నాను.

"నేను సంతకం పెట్టను," అన్నాను. గొంతు పెంచలేదు. పులుసు కావాలా అని అడిగినట్టే అన్నాను. "రాళ్ళు ఉండనీ. వచ్చే ఏడు నా నలభై ఒక్క చేలల్లో కంది ఏస్తా. సువర్ణకు పెండ్లయినా కాకున్నా సగం దాని పేరుకు రాయిస్తా. నీ సాళ్ళల్లో నువ్వు ఏమన్నా ఏసుకో."

మా ఆయన కాగితం వైపు చూశాడు. గడిలో తన సంతకం ఒక్కటే ఉంది. పక్క గడి ఖాళీ.

"ఇదేంది, నేనేమో యాడికి పోతాయిలే అనుకుంటి," అన్నాడు చివరికి.

"యాడికీ పోలేదు కదా," అన్నాను.

సువర్ణ పెన్ను తీసుకుని మూత పెట్టింది. యాభై ఏళ్ళు గొర్రు వెనకాల నడిచిన మా అత్త ముద్ద మింగి, కొడుకు వైపు తిరిగింది.

"ఈ పారి గొర్రు కట్టే ముందర ఆయమ్మను అడిగి కట్టు నాయనా," అంది. "నీ ఎద్దులు నడిచేది ఆమె చేన్లోనే."